విడుదలైన ఆల్బమ్‌ని తీసేసి మళ్ళీ మిక్స్ చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. నలుగురు కలిసి నడుపుతున్న ఇండీ రాక్ బ్యాండ్, మొదటి ఆల్బమ్, తొమ్మిది పాటలు, ఏడాదికి పైగా పని, ఖర్చంతా మీ జేబుల్లోంచే. విడుదలై రెండు నెలలైంది. విన్నవాళ్ళు తక్కువ, వచ్చిన రివ్యూ ఒక్కటే, అందులో పాటలు బాగున్నాయి గానీ సౌండ్ మరీ నున్నగా ఉంది, ప్రాణం లేదు అని రాశారు. దాంతో మీలో ఇద్దరు ఆల్బమ్‌ని అన్నిచోట్ల నుంచీ తీసేసి, ఇంకో ఇంజనీర్‌తో మిక్స్ చేయించి (అంటే విడివిడిగా రికార్డ్ చేసిన వాయిద్యాలనీ గొంతునీ మళ్ళీ పాళ్ళు చూసి కలిపించి), కొత్త కవర్‌తో మళ్ళీ వదులుదాం అంటున్నారు, మిగతా ఇద్దరూ వద్దంటున్నారు.

నా జవాబు: తీసేయకండి. ఫైల్‌లోనే నిజమైన లోపం ఉంటే వేరే మాట, అదెలా కనిపెట్టాలో కింద రాశాను. అదేమీ లేకపోతే ఆల్బమ్‌ని ఉన్నది ఉన్నట్టు వదిలేసి, మహా అయితే ఒకటో రెండో పాటలకి కొత్త రూపం ఇవ్వండి. మిగిలిన డబ్బూ ఓపికా తర్వాతి రికార్డింగ్‌కి దాచుకోండి.

నేను చాలా ఏళ్ళుగా చిన్న బ్యాండ్లకి రికార్డింగ్, మిక్సింగ్ చేస్తున్నాను, అంతకుముందు ఒక బ్యాండ్‌లో బేస్ వాయించేవాణ్ణి. ఈ ప్రశ్న దాదాపు ప్రతి మొదటి ఆల్బమ్ తర్వాతా వస్తుంది, అదీ ఇంచుమించు ఇదే సమయానికి. మొదటి నెల స్నేహితుల మెచ్చుకోళ్ళతో గడిచిపోతుంది, ఆ తర్వాత ఫోన్‌లో నంబర్లు కదలడం ఆగిపోతుంది, అప్పుడు ఎవరో ఒకరు డ్రమ్స్‌లోని స్నేర్ అనే డ్రమ్ సౌండ్ దగ్గర మొదలుపెడతారు. స్నేర్ మార్చి ఉంటే ఇంకా వెయ్యిమంది వినేవాళ్ళా అంటే దానికి జవాబు ఉండదు.

వినకపోవడం వేరు, విని నచ్చకపోవడం వేరు. ముందు మీకున్న జబ్బు ఏదో తేల్చుకోండి. మిక్స్ మారిస్తే రెండోదానికి కొంత మందు దొరకవచ్చు, మొదటిదానికి అస్సలు దొరకదు, ఎందుకంటే మీ మిక్స్ ఎలా ఉందో పాట నొక్కని మనిషికి తెలియనే తెలియదు. మీ ఆర్టిస్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి మొత్తం ప్లేల సంఖ్య కాకుండా, ఒక్కో శ్రోత సగటున ఎన్నిసార్లు విన్నారు, ఎంతమంది పాటని సేవ్ చేసుకున్నారు, మొదటి పాట విన్నవాళ్ళలో ఎంతమంది రెండో పాటకి, నాలుగో పాటకి వచ్చారు అన్నది చూడండి. శ్రోతలు తక్కువే అయినా వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వింటుంటే ఆల్బమ్ బాగానే పనిచేస్తోంది, దాన్ని జనం దగ్గరికి చేర్చడమే జరగలేదు. అలా కాకుండా జనం వచ్చి మొదటి పాట మధ్యలోనే పోతుంటే అది పాటలదో, వరసదో, సౌండ్‌దో సమస్య. మీరిచ్చిన అంకెల్ని బట్టి మీది మొదటి రకమే అనిపిస్తోంది. పైగా ప్రెస్ మెయిళ్ళు విడుదలైన రోజే పంపామని మీరే రాశారు. రివ్యూలు రాసేవాళ్ళలో ఎక్కువమంది వారాల ముందే పాటలు అందితేనే వింటారు. విడుదలయ్యాక వచ్చిన మెయిల్ వాళ్ళకి పాత వార్త, అంతే.

సరే, తీసేస్తే ఏమవుతుందో చెబుతాను, చాలామందికి ఇది తెలియదు. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్ఆర్‌సీ అని ఒక కోడ్ ఉంటుంది. అదే ఫైల్‌ని అదే కోడ్‌తో మళ్ళీ ఎక్కిస్తే పాత లెక్కలు మామూలుగా దానికే కలుస్తాయి. కొత్తగా మిక్స్ చేసిన పాట మాత్రం కొత్త రికార్డింగ్ కిందే లెక్క, దానికి కొత్త కోడ్ కావాలి, అంటే లెక్క సున్నా నుంచి మొదలు. ఇప్పటిదాకా ఎవరో తమ ప్లేలిస్ట్‌లో వేసుకున్న మీ పాట బూడిద రంగులోకి మారిపోయి ప్లే అవ్వదు. స్పాటిఫైలో 2024 నుంచి ఇంకో చిక్కు కూడా ఉంది, గడిచిన 12 నెలల్లో కనీసం 1000 ప్లేలు రాని పాటకి రాయల్టీ రాదు. మీ తొమ్మిదిలో రెండు పాటలు ఆ గీత దాటాయన్నారు, వాటిని మళ్ళీ సున్నాకి తెచ్చుకోవడం ఎందుకండీ?

మళ్ళీ వదలాలనేవాళ్ళ వాదనలో ఒక్క బలమైన పాయింట్ ఉంది. స్పాటిఫై ప్లేలిస్ట్‌లు తయారుచేసే ఎడిటర్లకి పంపుకోవడం విడుదల కాని పాటకి మాత్రమే వీలవుతుంది, అదీ కనీసం ఏడు రోజుల ముందు పంపితేనే మీ ఫాలోవర్ల రిలీజ్ రాడార్‌లోకి (వారం వారం కొత్త పాటలు చూపించే ప్లేలిస్ట్‌లోకి) ఆ పాటే వెళ్తుంది. మీరు మొదటిసారి ఆ అవకాశం వాడుకోలేదు. కానీ దానికోసం తొమ్మిది పాటల్నీ కూల్చక్కర్లేదు, ఒక్క కొత్త సింగిల్ ఉంటే చాలు.

మళ్ళీ మిక్స్ చేస్తే ఆల్బమ్ జాతకమే మారిపోయిన ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి, మీ గిటారిస్ట్ చెప్పింది కూడా బహుశా ఇదే అయ్యుంటుంది. అమెరికన్ రాక్ బ్యాండ్ ది రీప్లేస్‌మెంట్స్ ఆల్బమ్ 'టిమ్' 1985లో వచ్చింది, పంక్ బ్యాండ్ రామోన్స్ తొలి డ్రమ్మర్ టామీ ఎర్డెయీ ప్రొడ్యూస్ చేశాడు. పాటలు అద్భుతం, సౌండ్ మాత్రం పల్చగా, దూరంగా ఉందని అభిమానులు దశాబ్దాల పాటు గొణుక్కున్నారు. 2023లో ప్రొడ్యూసర్ ఎడ్ స్టేసియం దాన్ని మొత్తం మళ్ళీ మిక్స్ చేశాడు, జనం నెత్తిన పెట్టుకున్నారు. నిజమే, నేనూ విన్నాను, డ్రమ్స్ గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంటాయి. కానీ ఆ కొత్త మిక్స్ కోసం 38 ఏళ్ళుగా ఎదురుచూసే జనం అప్పటికే ఉన్నారు కదా, ఆ నాసిరకం సౌండ్‌లోనే పాటల్ని ప్రేమించినవాళ్ళు వాళ్ళు. మీ పాత మిక్స్ బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేనప్పుడు, కొత్త మిక్స్‌లో తేడా పట్టుకునేవాళ్ళూ ఉండరు.

మీకు ఇంకా దగ్గరగా ఉండే ఉదాహరణ కార్ సీట్ హెడ్‌రెస్ట్ అనే బ్యాండ్. దాన్ని నడిపే విల్ టోలెడో 'ట్విన్ ఫాంటసీ' ఆల్బమ్‌ని 2011లో దాదాపు ఒంటరిగా, గరుగ్గా రికార్డ్ చేసి సంగీతకారులు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో పెట్టాడు. అది మెల్లగా ఒకరి నుంచి ఒకరికి పాకింది. తర్వాత మటడోర్ లేబుల్, పూర్తి బ్యాండ్, పెద్ద శ్రోతలు అన్నీ వచ్చాక 2018లో అదే ఆల్బమ్‌ని మొదటి నుంచి మళ్ళీ రికార్డ్ చేశాడు. పాతదాన్ని మాత్రం తుడిచేయలేదు, రెండూ పక్కపక్కన ఉన్నాయి, ఏది గొప్పదని ఇప్పటికీ జనం కొట్టుకుంటారు. మధ్యలో ఏడేళ్ళు, బోలెడన్ని వేరే పాటలు ఉన్నాయి చూడండి. రెండో నెలలో చేసిన పని కాదది.

ఇప్పుడు రివ్యూ సంగతి. మీరు పెట్టిన వాటిలో మొదటిది, నాలుగోది, చివరిది మూడు పాటలూ మంచి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. రివ్యూ రాసినాయన తప్పేమీ రాయలేదు, కానీ ఆయన చెప్పిన జబ్బు మిక్స్‌ది కాదు. మీ పాటల్లో ప్రాణం పోయింది మిక్సింగ్‌కి ముందే. మూడు చోట్ల పోయింది.

ఒకటి, అరేంజ్‌మెంట్, అంటే ఏ వాయిద్యం ఎక్కడ మోగాలన్న ఏర్పాటు. నాలుగో పాట కోరస్‌లో (పల్లవిలో) రిథమ్ గిటార్ ఉంది, దాని డబుల్ (అదే మళ్ళీ వాయించింది) ఉంది, లీడ్ గిటార్ అదే ఆక్టేవ్‌లో (స్వర స్థాయిలో) ఏదో చేస్తోంది, వెనకాల కీబోర్డ్ ప్యాడ్ (సాగే స్వరాలు) కూడా అదే చోట కూర్చుంది. గొంతు ఉండాల్సిన జాగా అది, అక్కడ నలుగురు కూర్చుంటే మిక్స్ చేసేవాడు ఏం చేస్తాడు, అందరినీ తలా కాస్త ఈక్యూతో (కింది, పై స్వరాల్ని పెంచే తగ్గించే సాధనంతో) కోసి సర్దుతాడు, అప్పుడు ఏదీ ఏదిలానూ వినపడదు. పైగా వెర్స్‌లోనూ (చరణంలోనూ) ఇవన్నీ దాదాపు మోగుతూనే ఉన్నాయి కాబట్టి కోరస్ వచ్చినా పెరిగినట్టు అనిపించదు. ఇలాంటిదే ఒక బ్యాండ్ నా దగ్గరికి వస్తే వెర్స్‌లో రెండో గిటార్‌ని పూర్తిగా మ్యూట్ చేసి వినిపించాను. ఆ గిటార్ వాయించినతను వారం రోజులు నాతో మాట్లాడలేదు, పాట మాత్రం లేచి నిలబడింది. ఏడాది పైగా పనిచేసే ఆల్బమ్‌లన్నిటికీ ఈ ప్రమాదం ఉంటుంది, ఎందుకంటే స్టూడియోకి వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి కలుపుతారు గానీ ఎవరూ తీయరు.

రెండు, డ్రమ్స్. ప్రతి దెబ్బనీ కంప్యూటర్‌లో గ్రిడ్‌కి (కచ్చితమైన తాళం గీతల మీదికి) లాగేశారు, అది స్పష్టంగా తెలుస్తోంది. మీ డ్రమ్మర్ కోరస్‌కి ముందు ఒక వెంట్రుకవాసి తోసుకుంటూ వెళ్ళే మనిషని రిహార్సల్ వీడియోలో కనిపిస్తుంది, రికార్డులో ఆ మనిషి లేడు. క్లిక్ (హెడ్‌ఫోన్స్‌లో తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం) వాడటం తప్పని నేననను, నేనూ వాడతాను. కానీ క్లిక్‌కి వాయించాక కూడా మళ్ళీ సరిచేయడం, ఆ సరిచేసిన డ్రమ్స్ మీద బేస్ ఒకరోజు, గిటార్లు ఇంకోరోజు, గొంతు మూడు నెలల తర్వాత... ఇలా చేస్తే నలుగురూ ఒకే పాటలో ఒకరినొకరు వినకుండా వాయించినట్టే అవుతుంది.

మూడు, మాస్టర్, అంటే మిక్స్ అయ్యాక విడుదలకి సిద్ధం చేసిన ఆఖరి ఫైల్. మీ మొదటి పాటని కొలిస్తే సుమారు మైనస్ 7 ఎల్‌యూఎఫ్‌ఎస్ వచ్చింది (పాట ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత ఇది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి). గట్టిగా ఉంటే బాగుంటుందని చేసి ఉంటారు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అందరినీ మైనస్ 14 దగ్గరికి దించేస్తుంది, అంటే మీ పాట 7 డెసిబెల్స్ తగ్గుతుంది, నలిగిపోయిన స్నేర్ మాత్రం నలిగే ఉంటుంది. పక్కన ఊపిరాడేలా మాస్టర్ చేసిన పాట మీకన్నా ఎక్కువ గుద్దినట్టు వినిపిస్తుంది. అలాగని అందరూ మైనస్ 14కే మాస్టర్ చేయాలని ఇంటర్నెట్‌లో చెప్పే సలహా కూడా పట్టించుకోకండి, రాక్ సంగీతానికి అంతకన్నా గట్టిగా ఉండటం మామూలే, కొంత నలగడంలోనే దాని అందం ఉంది. డ్రమ్స్ చచ్చిపోయే దాకా వెళ్ళకూడదు, అంతే.

ఈ మూడింట్లో మూడోది ఒక్కటే తక్కువ ఖర్చుతో బాగయ్యేది. మొదటి రెండూ రికార్డింగ్‌లోకే ఇంకిపోయాయి, ఎంత గొప్ప ఇంజనీర్‌కి ఇచ్చినా మీ డ్రమ్మర్‌ని ఆ ఫైల్లోకి తిరిగి తేలేడు, ఎడిట్ చేయని ఒరిజినల్ టేకులు దాచి ఉంటే తప్ప. ఉన్నాయా? ముందు ఆ హార్డ్ డిస్క్ వెతకండి, దాని ఇంకో కాపీ ఇవాళే తీసి పెట్టండి.

ఇక పైన చెప్పిన మినహాయింపు, నిజమైన సాంకేతిక లోపం. పాటని మోనో చేసి (ఎడమ, కుడి రెండూ ఒకటిగా కలిపి) వినండి, ఫోన్ స్పీకర్‌లోనైనా సరే. గొంతో గిటారో మాయమైతే ఫేజ్ సమస్య (రెండు శబ్దాల అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం) ఉన్నట్టు. బేస్‌ని డైరెక్ట్‌గా ఒక ట్రాక్, ఆంప్ (ఆంప్లిఫయర్) ముందు మైక్‌తో ఇంకో ట్రాక్ తీసుకుంటాం కదా, వాటిలో ఒకదాని పోలారిటీ (అల పైకీ కిందికీ కదిలే దిశ) తిరగబడితే కింది నోట్లు ఒకదాన్నొకటి తినేస్తాయి, ఎంత పెంచినా బేస్ పల్చగానే ఉంటుంది. ఒక బ్యాండ్ తమ ఆల్బమ్ పల్చగా ఉందని కొత్త మిక్స్ కోసం నా దగ్గరికి వస్తే ఒక బటన్ నొక్కి తిప్పడంతోనే సగం పని అయిపోయింది. ఇవి కాకుండా డిస్ట్రిబ్యూటర్‌కి (పాటల్ని స్పాటిఫై లాంటి వాటికి చేరవేసే సంస్థకి) ఫైనల్ బదులు పాత మిక్స్ ఎక్కించడం, పాట చివరి రెండు సెకన్లు తెగిపోవడం, నిశ్శబ్దంలో క్లిక్ శబ్దం హెడ్‌ఫోన్స్ నుంచి మైక్‌లోకి రావడం లాంటివి ఉంటాయి. ఇవి ఉంటే మొహమాటపడకుండా ఆ ఒక్క పాటనే సరిచేసి మార్చండి. చిన్న తప్పు దిద్దిన ఫైల్ మార్చడానికి కొందరు డిస్ట్రిబ్యూటర్లు ఆల్బమ్ తీయకుండానే వీలిస్తారు, ముందు వాళ్ళనే అడగండి. మీ మూడు పాటల్లో నాకు ఇలాంటివేవీ దొరకలేదు, మిగతా ఆరూ మీరే చూసుకోండి.

మొత్తం బదులు రెండు పాటలే ముట్టుకోవడం చిన్నతనం ఏమీ కాదు. నిర్వాణ బ్యాండ్ ఆల్బమ్ 'ఇన్ యూటెరో'ని 1993 ఫిబ్రవరిలో ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ మిన్నెసోటాలోని ప్యాకిడెర్మ్ స్టూడియోలో రెండు వారాల్లో రికార్డ్ చేసి మిక్స్ చేశాడు. గొంతు, బేస్ సరిగా వినపడట్లేదని తర్వాత పెద్ద గొడవే నడిచింది. చివరికి విడుదలకి ముందు ప్రొడ్యూసర్ స్కాట్ లిట్‌తో మళ్ళీ మిక్స్ చేయించింది 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' రెండే, మిగతాదంతా మాస్టరింగ్‌లో సర్దుకున్నారు. వాళ్ళ దగ్గర డబ్బుకి కొదవ లేదు, అయినా అంతే చేశారు.

ఒక్క రివ్యూని తీర్పులా తీసుకోవద్దని కూడా చెప్పాలి, అది నిజాయితీగా రాసిందే అయినా సరే. వీజర్ బ్యాండ్ ఆల్బమ్ 'పింకర్టన్' 1996లో వచ్చినప్పుడు అంతకుముందు నున్నటి ఆల్బమ్‌కి అలవాటుపడ్డ జనానికి ఆ గరుకు సౌండ్ మింగుడుపడలేదు, రోలింగ్ స్టోన్ పాఠకులు ఆ ఏడాది చెత్త ఆల్బమ్‌లలో దానికి మూడో స్థానం ఇచ్చారు. 2004లో అదే పత్రిక దానికి ఐదు నక్షత్రాలు ఇచ్చింది. ఆల్బమ్ మారలేదు, ఒక్క నోట్ కూడా. స్లింట్ అనే బ్యాండ్ 'స్పైడర్‌లాండ్' ఆల్బమ్‌ని నాలుగు రోజుల్లో రికార్డ్ చేశారు, 1991లో అది బయటికొచ్చేసరికి బ్యాండే లేదు, విడిపోయారు. బ్రిటిష్ సంగీత పత్రిక మెలడీ మేకర్‌లో గొప్ప రివ్యూ వచ్చింది, అది రాసింది కూడా ఆల్బినీయే, అయినా అప్పట్లో కొన్నవాళ్ళు తక్కువ. పోస్ట్ రాక్ అనే ధోరణి దాని మీద నిలబడిందని తర్వాత ఏళ్ళకి అందరూ ఒప్పుకున్నారు.

ఇవి చెప్పి మిమ్మల్ని ఊరించడం నా ఉద్దేశం కాదు. స్పైడర్‌లాండ్ లాంటిది ఒకటుంటే, అంతే కష్టంతో చేసి ఎప్పటికీ ఎవరూ వినని ఆల్బమ్‌లు లెక్కలేనన్ని, వాటి పేర్లు మనం ఇక్కడ చెప్పుకోలేకపోవడమే దానికి సాక్ష్యం. మీది కూడా అలాగే ఉండిపోవచ్చు. నేను బేస్ వాయించిన ఆల్బమ్ అలాగే ఉండిపోయింది, అయినా అది ఇప్పటికీ నాకు నచ్చుతుంది. రెండు నెలల నిశ్శబ్దం బట్టి పాటలు బాగున్నాయనీ తేల్చలేం, బాగాలేవనీ తేల్చలేం.

ఇద్దరూ ఇద్దరూ అని చీలిపోయారన్నారు కదా, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మళ్ళీ మిక్స్ కావాలంటున్న ఇద్దరి వాయిద్యాలూ ఇప్పటి మిక్స్‌లో వెనక్కి ఉన్నాయా? నేను చూసిన ఇలాంటి గొడవల్లో చాలావరకు అసలు విషయం అదే. అదైతే కొత్త ఇంజనీర్ తీర్చలేడు, నలుగురూ కూర్చుని ఏ పాటలో ఎవరు ముందుండాలో మాట్లాడుకోవాలి, తర్వాతి రికార్డింగ్ మొదలుపెట్టక ముందే.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, నేనైతే నాలుగో పాట తీసుకుంటాను. ఒక మంచి గదిలో ఒక్కరోజు, నలుగురూ కలిసి లైవ్‌గా వాయించి, వీడియోతో సహా రికార్డ్ చేయండి. దాన్ని సింగిల్‌గా, పేరులో లైవ్ సెషన్ అని స్పష్టంగా రాసి, మూడు నాలుగు వారాల ముందు డిస్ట్రిబ్యూటర్‌కి ఇవ్వండి, ఎడిటర్లకి, రివ్యూ రాసేవాళ్ళకి ఆ వ్యవధిలోనే పంపండి, మెయిల్‌లో ఆల్బమ్ లింక్ కూడా పెట్టండి. ఆ రివ్యూ రాసినాయనకి కూడా పంపండి, వాదన లేకుండా, ఒక థాంక్స్‌తో. ప్లేలు కొనిపెడతామనేవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి. దొంగ ప్లేలు పట్టుబడితే పాటనే తీసేస్తారు, ఇప్పుడు స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా కూడా వేస్తోంది, అది చివరికి మీ నెత్తినే పడుతుంది.

సెషన్ రోజు క్లిక్ ఆపేయండి. బేస్ ఆంప్‌ని డ్రమ్స్‌కి దగ్గరగానే పెట్టండి, గిటార్ ఆంప్‌లని కాస్త పక్కకి తిప్పండి, పాడేవాళ్ళు కూడా అదే గదిలో అందరికీ కనపడేలా నిలబడాలి. అన్నీ అన్ని మైకుల్లోకీ కొంచెం కారుతాయి, కారనివ్వండి. దాని నష్టం ఒక్కటే, గొంతు తర్వాత మార్చలేరు, పాత గొంతు డ్రమ్ మైకుల్లో వెనకాల వినపడుతూనే ఉంటుంది. కాబట్టి రెండో గిటార్ వెర్స్‌లో ఊరుకునేలా ముందే ఒప్పించి, పాట మొత్తాన్ని అక్కడే నాలుగైదు సార్లు వాయించి, గొంతు బాగా వచ్చిన టేక్‌నే ఉంచుకోండి, అందులో గిటార్ ఒకచోట తడబడినా సరే.